విబ్రియో సంకేతాన్ని కృత్రిమ కణం వినగలదా? హేచరీ ట్యాంకు నుంచి ఒక ప్రశ్న

జోయా_కాపలా (భీమిలి)

అందరికీ నమస్కారం. భీమిలి తీరంలో రొయ్య పిల్లల హేచరీలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రాత్రి డ్యూటీలో ఒకసారి లైట్లన్నీ ఆర్పి ట్యాంకులు చూడటం మా పనిలో భాగం. నీళ్లు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో నిలకడగా వెలుగుతున్నాయంటే గుండె జారిపోతుంది. గాలి రాయి దగ్గర బుడగలు లేచే చోట ఆ వెలుగు మరింత ఎక్కువ. బీకరులో ముంచి చూస్తే జోయాలు, అంటే తొలి దశ రొయ్య పిల్లలు, అడుగుకు దిగిపోయి ఉంటాయి. కొన్నిటి ఒంట్లోంచే వెలుగు వస్తుంటుంది. ఆ దశలో చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు, క్లోరిన్ వేసి ట్యాంకు ఖాళీ చేయడమే. విబ్రియో బ్యాక్టీరియాను పెంచి చూసే టీసీబీఎస్ ప్లేటు మీద కాలనీలు లెక్కపెట్టడానికి మరుసటి రోజు దాకా ఆగాలి, అప్పటికే పిల్ల పోతుంది.

ల్యాబులో తయారుచేసిన కృత్రిమ కణాలు బ్యాక్టీరియాతో రసాయన సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయని ఈ మధ్య చదివాను. ఆ ప్రయోగాల్లో ‘విబ్రియో హార్వేయీ’ అనే బ్యాక్టీరియా పేరు కనిపించింది. మా ట్యాంకులు వెలిగించేది కూడా అదే. యాంటీబయాటిక్ జోలికి పోకుండా ఈ బ్యాక్టీరియాకు ‘ఆగు’ అనే సంకేతం పంపడం సాధ్యమవుతుందా? తెలిసినవారు వివరంగా చెప్పండి. సీడ్ (రొయ్య పిల్ల) పోయినప్పుడు నష్టపోయేది యజమాని ఒక్కరే కాదు, కూలికి వచ్చేవాళ్లందరూ.

బయోకెమ్_వాల్తేరు

మంచి ప్రశ్న అండీ. కొంచెం పొడవుగానే చెబుతాను, ఓపిక పట్టండి.

విబ్రియో ఒంటరిగా ఉన్నప్పుడు వెలగదు. ప్రతి బ్యాక్టీరియా చిన్న అణువులను నీటిలోకి వదులుతూ ఉంటుంది. సంఖ్య పెరిగేకొద్దీ నీటిలో ఆ అణువుల మోతాదు పెరుగుతుంది. ఒక హద్దు దాటగానే అన్నీ కలిసి జన్యువుల పనితీరు మార్చుకుంటాయి. దీన్నే కోరం సెన్సింగ్ అంటారు. 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ వెలిగే సముద్ర బ్యాక్టీరియాలో మొదట చూపించింది ఇదే. హవాయి తీరంలో బాబ్‌టెయిల్ స్క్విడ్ అనే చిన్న జీవి విబ్రియో ఫిషరీని తన ఒంట్లోనే పెంచుకుని రాత్రి వెలుగు కోసం వాడుకుంటుంది. తెల్లవారగానే వాటిలో చాలా భాగాన్ని బయటికి నెట్టేస్తుంది, మిగిలినవి సాయంత్రానికి మళ్లీ పెరుగుతాయి.

మీ హార్వేయీ మరింత జాగ్రత్త గల జీవి. అది ఒకటి కాదు, మూడు సంకేతాలు వింటుంది. హెచ్ఏఐ-1 సొంత జాతి కోసం. సీఏఐ-1 విబ్రియో కుటుంబంలో కొన్నిటికి. మూడోది ఏఐ-2, దీన్ని ఎన్నో రకాల బ్యాక్టీరియా తయారుచేస్తాయి. హార్వేయీ గుర్తుపట్టే ఏఐ-2 అణువులో బోరాన్ ఉందని 2002లో తేలింది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 4.5 మిల్లీగ్రాముల బోరాన్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆ జీవికి దానికి కొదవ లేదు.

ఇక కృత్రిమ కణాల సంగతి. 2009లో బ్రిటన్ పరిశోధకులు కొవ్వు పొరతో చేసిన సూక్ష్మమైన సంచుల లోపల ఫార్మాల్డిహైడ్ నుంచి చక్కెరలు పుట్టే ఫార్మోస్ చర్య నడిపారు. 1861లో బట్లెరోవ్ కనిపెట్టిన పాత చర్య అది. అందులో జన్యువు లేదు. బయటికి వచ్చిన చక్కెరలు బోరేట్‌తో కలిసి ఏఐ-2ను పోలిన రూపం తీసుకున్నాయి. పక్కనున్న హార్వేయీ దానికి స్పందించి వెలిగింది. ప్రాణం లేని సంచి పంపిన సంకేతానికి ప్రాణమున్న కణం బదులిచ్చిందన్నమాట. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం ఇది.

ఎమ్మెస్సీ_మద్దిలపాలెం

మేడమ్, ఒక సందేహం. 2010లో క్రెయిగ్ వెంటర్ బృందం తయారుచేసినది కూడా కృత్రిమ కణమే అని మా తరగతిలో చెప్పారు. ఇవి రెండూ ఒకటేనా? ఈ సంచులు పెరుగుతాయా, విడిపోతాయా?

బయోకెమ్_వాల్తేరు

ఒకటి కాదు. వెంటర్ బృందం కంప్యూటర్‌లో రాసుకున్న జీనోమ్‌ను, అంటే మొత్తం జన్యువుల సమాహారాన్ని, రసాయనికంగా తయారుచేసి, బతికున్న మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా కణంలో పెట్టింది. 2016లో దాన్ని 473 జన్యువులకు కుదించారు. అది పెరుగుతుంది, విడిపోతుంది. నిస్సందేహంగా జీవి.

మనం మాట్లాడుకుంటున్నది అడుగు నుంచి కట్టుకొచ్చేది. గుడ్డు సొనలో దొరికే లెసిథిన్ వంటి కొవ్వును నూనెలో కరిగిస్తారు. లోపల ఉండాల్సిన ద్రవంలో డీఎన్‌ఏ, రైబోజోములు, ఎంజైములు, అమైనో ఆమ్లాలు, శక్తికి ఏటీపీ కలుపుతారు. ఈ ద్రవం కొన్ని చుక్కలు నూనెలో వేసి గట్టిగా కలిపితే పాలలా తెల్లబడుతుంది. ఆ మిశ్రమాన్ని చిన్న ట్యూబులో నీటి మీద మెల్లగా పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. చుక్కలు నూనె దాటి నీటిలోకి జారేటప్పుడు హద్దు దగ్గర రెండో కొవ్వు పొర చుట్టుకుంటుంది. ట్యూబు అడుగున కంటికి కనీకనిపించని మడ్డి. దాన్ని ఫ్లోరసెంట్ సూక్ష్మదర్శిని కింద పెడితే కొన్ని మైక్రాన్ల వెడల్పున గుండ్రటి సంచులు, లోపల ప్రోటీన్ తయారవుతున్నకొద్దీ ఆకుపచ్చగా నిండుతూ కనిపిస్తాయి. మొదటిసారి చూసిన విద్యార్థులు కుర్చీ వదలరు.

అవి పెరగవు, విడిపోవు. ఏటీపీ అయిపోతే పని ఆగిపోతుంది. అందుకే 2004లో నోయిరో, లిబ్‌షాబర్ చేసిన ప్రయోగానికి అంత పేరు వచ్చింది. స్టెఫిలోకాకస్ తయారుచేసే ఆల్ఫా హీమోలైసిన్ అనే ప్రోటీన్‌ను సంచి లోపలే పుట్టించారు. ఆ ప్రోటీన్ ముక్కలు ఏడు కలిసి పొరలో సన్నని రంధ్రం చేస్తాయి. ఆ రంధ్రం గుండా బయటి నుంచి ఆహారం లోపలికి వెళ్లి, కొన్ని గంటల్లో ఆగిపోవాల్సిన ప్రోటీన్ తయారీ నాలుగు రోజుల దాకా సాగింది.

డాక్టర్_మహారాణిపేట

ఈ కొవ్వు పొర గురించి భయం అక్కరలేదని వైద్యుల వైపు నుంచి చెబుతాను. అలెక్ బాంగమ్ 1960లలో కనిపెట్టిన లిపోజోములు, అంటే ఇలాంటి కొవ్వు పొర సంచులు, ఇప్పుడు మా వార్డుల్లో రోజూ వాడే మందు రూపం. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు జనం వెతుక్కుంటూ తిరిగిన ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ ఆ రకానిదే. అయితే అవి మందు మోసుకెళ్లే సంచులు మాత్రమే. చుట్టుపక్కల పరిస్థితి చూసి, అవసరమైతేనే మందు తయారుచేసే సంచి వస్తే వైద్యం స్వరూపమే మారుతుంది.

ఆ దిశగా ఆధారం ఉంది. 2018లో ఇజ్రాయెల్‌లోని టెక్నియన్ పరిశోధకులు ఎలుకల కణితుల్లోకి కృత్రిమ కణాలు ఎక్కించి, కణితి లోపలే క్యాన్సర్ కణాలను చంపే ప్రోటీన్ తయారుచేయించారు. 2020లో షెరెఫ్ మాన్సీ బృందం తయారుచేసిన కృత్రిమ కణాలు సంకేతం అందగానే బీడీఎన్ఎఫ్ అనే నాడీ పోషక ప్రోటీన్ విడుదల చేశాయి. దాని ప్రభావంతో ఎలుక నాడీ మూలకణాలు నాడీకణాలుగా మారే దారి పట్టాయి. అంటే సంభాషణ బ్యాక్టీరియాతో ఆగలేదు, మన వంటి జంతువుల కణాల దాకా వచ్చింది.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది మాత్రం సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వైపు. కాలిన గాయాల వార్డులో అది ఒకసారి గాయం మీద జిగట పొర (బయోఫిల్మ్) కట్టుకుని కూర్చుంటే మందులు ఒకదాని తర్వాత ఒకటి పనిచేయడం మానేస్తాయి. అది పొర కట్టడంలోనూ, విషాలు వదలడంలోనూ ఇదే కోరం సెన్సింగ్ పాత్ర ఉంది.

బయోకెమ్_వాల్తేరు

డాక్టర్ గారు చెప్పిన మాన్సీ బృందానిదే 2014 ప్రయోగం కూడా ఇక్కడ చెప్పాలి. థియోఫిలిన్ అనే ఉబ్బసం మందు సమక్షంలో మామూలు ఈ. కోలై బ్యాక్టీరియా కొత్తగా ఏ జన్యువూ తెరవదు. వాళ్ల కృత్రిమ కణంలో థియోఫిలిన్ తగలగానే తెరుచుకునే ఆర్‌ఎన్‌ఏ మీట ఉంది. అది తెరుచుకుంటే రంధ్రం చేసే ప్రోటీన్ తయారవుతుంది. రంధ్రం గుండా లోపల దాచిన ఐపీటీజీ అనే రసాయనం బయటికి వస్తుంది. ఐపీటీజీకి ఈ. కోలై స్పందిస్తుంది. ఈ. కోలై జన్యువులను కొత్త సంకేతానికి తగినట్టు మార్చకుండానే, దానికి తెలియని రసాయనానికి స్పందించేలా చేశారు. మధ్యవర్తి మాత్రమే కృత్రిమం.

2017లో రెండువైపుల సంభాషణ వచ్చింది: వినడం, తిరిగి పంపడం. ఫిషరీ, హార్వేయీ, ఈ. కోలై, సూడోమోనాస్ నాలుగింటితోనూ. ఆ పనిలో ఒక కృత్రిమ కణం విబ్రియో ఫిషరీ ఉనికిని పసిగట్టి, దానికి బదులుగా సూడోమోనాస్ సంకేత అణువును విరగ్గొట్టే ఎంజైము తయారుచేసింది. ‘ఆగు’ అనడం అంటే సరిగ్గా అదే. జోయా_కాపలా గారి ప్రశ్నకు సూత్రప్రాయంగా జవాబు అవును.

పరవాడ_ఫార్మా

సూత్రప్రాయంగా అవును అన్నంత మాత్రాన ట్యాంకులోకి రాదు. ఉత్పత్తి విభాగంలో పనిచేసేవాడిగా నా అభ్యంతరాలు రాస్తున్నాను.

ఈ ప్రయోగాలన్నీ మైక్రోలీటర్లలో జరిగాయి. హేచరీ ట్యాంకు పది టన్నులు. శుద్ధిచేసిన భాగాలతో ప్రోటీన్ తయారుచేసే ప్యూర్ వ్యవస్థ 2001 నుంచి ఉన్నా, ఇప్పటికీ పరిశోధనశాల సరుకు ధరలోనే ఉంది. రైబోజోములు, ముప్పైకి పైగా ఎంజైములు విడివిడిగా శుద్ధిచేయాలి. పైగా లోపలి, బయటి లవణ సాంద్రతలు సరిపోకపోతే సంచి ముడుచుకుంటుంది లేదా పగులుతుంది. ప్రతి బ్యాచ్‌లో సంచుల సైజు ఒకేలా రావడమే కష్టం. మందుల కర్మాగారంలో బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా వస్తే సరుకు గేటు దాటదు. ఇక్కడ ఆ ప్రమాణం ఎవరు పెడతారు?

జోయా_కాపలా (భీమిలి)

పరవాడ గారు ధర చెప్పారు. నాకు తట్టిన ఇబ్బంది ఇంకొకటి. జోయా దశలో పిల్లలకు మేము కీటోసెరాస్ అనే ఆల్గే పెడతాం. అది కూడా కొన్ని మైక్రాన్ల సైజే. జోయా నీటిని వడగట్టుకుంటూ ఆ సైజులో ఏది దొరికితే అది తింటుంది. కృత్రిమ కణాలు వేస్తే సంకేతం పంపేలోపే వాటిని తినేస్తుంది కదా?

ఇంకొక ప్రశ్న. మేము వాడే ప్రోబయోటిక్‌లో బాసిల్లస్ ఉంటుంది. అది విబ్రియో సంకేతాలను విరగ్గొడుతుందని సరఫరా చేసేవాళ్లు చెబుతారు. నిజమేనా?

బయోకెమ్_వాల్తేరు

తినేస్తాయి, మీ పరిశీలన సరైనది. లిపోజోములను కావాలనే ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవికి తినిపించి, వాటి ద్వారా పోషకాలు అందించే ప్రయత్నాలు కూడా జరిగాయి.

బాసిల్లస్ మాటలో సగం నిజం ఉంది. కొన్ని బాసిల్లస్ రకాల్లో ఏఐఐఏ అనే లాక్టోనేజ్ ఎంజైము ఉందని 2000లో తేలింది. అది లాక్టోన్ వలయం ఉన్న సంకేతాలను, అంటే హెచ్ఏఐ-1 వంటివాటిని, తెరిచి పనికిరాకుండా చేస్తుంది. ఆ వలయం క్షార నీటిలో తనంతట తానే మెల్లగా తెరుచుకుంటుంది కూడా, సముద్రపు నీటి పీహెచ్ ఎనిమిది పైన ఉంటుంది మరి. కానీ ఏఐ-2లో, సీఏఐ-1లో ఆ వలయమే లేదు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వారు సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఆర్టీమియా మీద చేసిన పరీక్షల్లో, ఏఐ-2 మార్గం దెబ్బతిన్న హార్వేయీకి చంపే శక్తి తగ్గింది. ముఖ్యంగా మూయాల్సిన దారి అది. దాన్ని లాక్టోనేజ్ ముట్టుకోదు. మీరు వాడే ప్రోబయోటిక్ మేలు చేయడానికి పోటీపడి ఆహారం లాక్కోవడం వంటి వేరే కారణాలు ఉండవచ్చు. వాడటం మానేయమని అనడం లేదు.

జాలారిపేట_కెరటం

మాది వేటకు వెళ్లే కుటుంబం. ఇప్పటిదాకా చదువుతూ వచ్చాను. ఒక్క విషయం అడుగుతాను. హేచరీలో ఏది కలిపినా ఆ నీళ్లు చివరికి చేరేది సముద్రంలోకే. రాత్రిపూట అల విరిగినప్పుడు, తెడ్డు తగిలినప్పుడు మెరిసే నీలి వెలుగు మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ వెలుగు కూడా ఈ సంకేతాలదేనా? మీరు వదిలే కణం అక్కడి జీవుల మధ్య ఈ మాటలన్నీ చెడగొడితే మా వేట సంగతి ఏమిటి? ముందు దీనికి జవాబు చెప్పి తర్వాత ట్యాంకుల గురించి మాట్లాడండి.

ఎమ్మెస్సీ_మద్దిలపాలెం

అల తగిలినప్పుడు మెరిసేది ఎక్కువగా నాక్టిల్యూకా వంటి ఏకకణ జీవులు అండీ. కదిలిస్తేనే మెరుస్తాయి, ఆ వెలుగుకు కోరం సెన్సింగ్‌తో పనిలేదు. బ్యాక్టీరియా వెలుగు కదిలించకపోయినా నిలకడగా ఉంటుంది. హేచరీ సార్ మొదట రాసింది అదే.

కృత్రిమ కణాలు పిల్లలు పెట్టవు కాబట్టి సముద్రంలో వ్యాపించే ప్రమాదం లేదనుకుంటున్నాను. మేడమ్, సరేనా?

బయోకెమ్_వాల్తేరు

అవి వ్యాపించవు, కానీ వాటిలోని డీఎన్‌ఏ సంగతి వేరు. జాలారిపేట గారు అడిగింది ఈ చర్చ మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న అని నా అభిప్రాయం.

సంచి పగిలితే లోపలి డీఎన్‌ఏ నీటిలోకి వస్తుంది. సాధారణంగా అది త్వరగానే ముక్కలైపోతుంది. కానీ విబ్రియోల సంగతి చూడండి. కైటిన్ మీద పెరిగేటప్పుడు కలరా కలిగించే విబ్రియో కలరే బయటి డీఎన్‌ఏను లోపలికి లాక్కుని తనలో కలుపుకుంటుందని 2005లో రుజువైంది. ఆ కుటుంబంలో మరికొన్నిటికీ ఈ గుణం ఉంది. కలరేలో ఈ పనికి కోరం సెన్సింగ్ కూడా తోడ్పడుతుంది. రొయ్య పెంకు అంటేనే కైటిన్. జోయా, మైసిస్ దశల్లో పిల్లలు పదేపదే పెంకు విడుస్తాయి. అంటే హేచరీ ట్యాంకు అడుగు విబ్రియోలకు బయటి డీఎన్‌ఏ తినిపించడానికి అనువైన చోటు. అక్కడ ఎంజైము జన్యువులు, ప్లాస్మిడ్లలో (చిన్న డీఎన్‌ఏ వలయాల్లో) తరచుగా ఉండే యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు మోసే సంచులు వేయడానికి నేను ఒప్పుకోను. మన దేశంలో 1989 నిబంధనలు జన్యుమార్పిడి జీవులతో పాటు కణాలకు కూడా వర్తిస్తాయి. అసలు ప్రాణం లేని ఈ సంచిని అందులో ఎక్కడ చేర్చాలో ముందు తేలాలి.

డాక్టర్_మహారాణిపేట

డీఎన్‌ఏ లేకుండా, ముందే తయారైన ఎంజైము మాత్రమే సంచిలో పెట్టి పంపితే?

బయోకెమ్_వాల్తేరు

ఆ దారి సురక్షితం. అప్పుడు అది పరిస్థితి చూసి నిర్ణయం తీసుకునే కణం కాదు, ఎంజైము మోసే సంచి. 1957లోనే థామస్ చాంగ్ మెక్‌గిల్‌లో విద్యార్థిగా మొదలుపెట్టిన ఆలోచన అది. రోగి శరీరంలో దానికి చోటుంది. పది టన్నుల ట్యాంకుకు పరవాడ గారి ధర అభ్యంతరం మళ్లీ అడ్డొస్తుంది.

ఎమ్మెస్సీ_మద్దిలపాలెం

అయితే కణాన్ని ట్యాంకులోకి పంపడం ఎందుకు? ట్యాంకు నీటినే కణం దగ్గరికి తెద్దాం. 2017లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వారు ఊపిరితిత్తుల రోగుల కఫంలో సూడోమోనాస్ సంకేత అణువును కణరహిత మిశ్రమంతో, అంటే సంచి లేకుండా అదే లోపలి ద్రవం వంటిదానితో, గుర్తించారు. కల్చర్ పెట్టే పనిలేదు. హేచరీ సార్‌కు కావలసింది కూడా వెలుగు కనిపించక ముందే హెచ్చరిక కదా!

పరవాడ_ఫార్మా

ఇది నాకు నచ్చింది. ఇక్కడ మైక్రోలీటర్లు చాలు. కణరహిత మిశ్రమాన్ని కాగితం మీద ఆరబెట్టి గది ఉష్ణోగ్రతలో నిల్వ చేయవచ్చని 2014లోనే చూపించారు. 2016లో జికా వైరస్ పరీక్షకు అదే పద్ధతి వాడారు. వాడిన కాగితాన్ని క్లోరిన్‌లో ముంచి పారేయొచ్చు, సముద్రంలోకి ఏదీ వెళ్లదు. నేను నా వంతుగా ఆరబెట్టే యంత్రాల గురించి తెలిసినంత సాయం చేస్తాను.

జాలారిపేట_కెరటం

మూసిన ట్యూబులో జరిగేదైతే నాకు అభ్యంతరం లేదు. క్లోరిన్ నీళ్లు మాత్రం అలాగే వదలకండి. దానికీ ఒక పద్ధతి ఉంది కదా.

జోయా_కాపలా (భీమిలి)

ఉందండీ. క్లోరిన్ పోయేదాకా గాలి కొట్టి, థయోసల్ఫేట్ వేసి, పరీక్ష చేశాకే వదులుతాం.

ఆ కాగితం వచ్చేలోపు ఏదైనా మొదలుపెట్టవచ్చా మేడమ్?

బయోకెమ్_వాల్తేరు

పెట్టవచ్చు. ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది: మీ ట్యాంకులో జోయాలు దిగిపోవడానికి ఎన్ని గంటల ముందు ఏఐ-2 పెరుగుతోంది? అది తెలియకుండా ఎంత మంచి సెన్సర్ చేసినా ఏ అంకె దగ్గర హెచ్చరించాలో తెలియదు. హెచ్ఏఐ-1ను వినలేని, ఏఐ-2ను విని వెలిగే హార్వేయీ బీబీ170 అనే రకాన్ని ప్రపంచమంతటా ఈ పరీక్షకు వాడతారు. వడగట్టిన ట్యాంకు నీటిని దానికి కలిపి వెలుగు కొలుస్తాం. కానీ వెలగని విబ్రియోలు కూడా పిల్లను చంపుతాయి, కాబట్టి మీ టీసీబీఎస్ లెక్కలు పక్కనే రాసుకుంటూ ఉండాలి.

ఒక జాగ్రత్త. నమూనాలో గ్లూకోజు ఉంటే బీబీ170 వెలుగు తప్పుదారి పట్టిస్తుంది. బోరేట్ ఎక్కువైనా అంతే. బోరేట్ సముద్రపు నీటిలో ఎలాగూ ఉంది, శుభ్రమైన సముద్రపు నీటితో పోల్చి ఆ తేడా తీసేస్తాం. మీరు ప్రోబయోటిక్ పెంచడానికి బెల్లం నీళ్లు వాడతారా?

జోయా_కాపలా (భీమిలి)

వాడతాం. డ్రమ్ములో బెల్లం, ఈస్ట్ వేసి రాత్రంతా ఉంచి పొద్దున ట్యాంకుల్లో పోస్తాం. అయితే నమూనా డ్రమ్ము తెరవక ముందే తీస్తాను. ఒక ట్యాంకుకు బెల్లం వేయకుండా, పక్క ట్యాంకుకు వేసి రెండూ విడిగా పంపమన్నా పంపగలను, యజమానిని అడిగి చెబుతాను. రాత్రి, తెల్లవారుజాము రెండుసార్లు తీస్తే చాలా? సీసాలు మీరిస్తారా, మా దగ్గర ఉన్నవి మరిగించి వాడాలా?

బయోకెమ్_వాల్తేరు

సీసాలు, 0.22 మైక్రాన్ ఫిల్టర్లు నేనే ఇస్తాను. తీసిన వెంటనే సిరంజితో వడగట్టండి, లేకపోతే దారిలోనే బ్యాక్టీరియా ఇంకా సంకేతాలు వదులుతూ ఉంటుంది. తర్వాత ఐస్ పెట్టెలో పెట్టండి. సీసా మీద ట్యాంకు నంబరు, పిల్ల దశ, నీటి ఉష్ణోగ్రత, టైము రాయండి. రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చాలు. వెలుగు కనబడిన రోజు మాత్రం గంటకొకటి తీయగలరా?

ఎమ్మెస్సీ_మద్దిలపాలెం

ఆ రాత్రికి నేను వస్తాను సార్. భీమిలి బస్సు చివరిది ఎన్నింటికో చెప్పండి.